మెడలోని మెతుకంత గ్రంథి

మా పర్లాకిమిడిలో మూత్రపిండంలో రాయి అనగానే అందరూ నీటినే తప్పుపడతారు. మూత్రపిండాల జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం మాకు దగ్గరే కాబట్టి ఆ భయం సహజమే. మూడేళ్లలో మూడుసార్లు నాకు రాళ్లు వచ్చాక మేమూ బావి నీళ్లు మానేశాం. ఎముకల నొప్పి, ఎంత పడుకున్నా తీరని నీరసం వేరే జబ్బులనుకున్నాను. అన్నాళ్లూ రక్తంలో కాల్షియం చూడాలన్న ఆలోచన వైద్యం చేసినవారికి రాకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

విశాఖపట్నంలో చూసిన డాక్టరుగారు మొదట ఆ పరీక్షే రాశారు. 10.5 దాటకూడని కాల్షియం 11.9 ఉంది. కాల్షియం అంత పెరిగితే, దాన్ని రక్తంలో పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ అణగిపోవాలి, నాకది 184కు చేరింది. ఆ హార్మోన్‌ను తయారుచేసే, థైరాయిడ్ వెనుక ఉండే నాలుగు చిన్న గ్రంథుల్లో ఎడమవైపు కిందిది ఉబ్బినట్లు స్కాన్‌లో తేలింది. మామూలుగా 50 మిల్లీగ్రాములకు మించని ఆ గ్రంథి, తీశాక 1.2 గ్రాములు తూగింది. ఆ రాత్రి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇన్నాళ్లూ కాల్షియం పోగొట్టుకున్న ఎముకలు దాన్ని రక్తం నుంచి ఒక్కసారిగా లాక్కుంటున్నాయని చెప్పి, నరంలోకి కాల్షియం ఎక్కించారు.

బయాప్సీ నివేదికలో అడినోమా, అంటే క్యాన్సర్ కాని కణితి అని, సైక్లిన్ డి1 ప్రోటీన్ అధికంగా ఉందని రాశారు. కణాన్ని విభజన వైపు నెట్టే ప్రోటీన్ అది. కొన్ని అడినోమాల్లో 11వ క్రోమోజోములో ఒక ముక్క తిరగబడి, హార్మోన్ జన్యువును నడిపించే మీట సైక్లిన్ జన్యువు పక్కకు చేరుతుందట. హార్మోన్ తయారీయే పనిగా ఉన్న కణంలో ఆ మీట ఎప్పుడూ వేసే ఉంటుంది కనుక, విభజనకూ అడ్డు ఉండదు. 1991లో ఈ జన్యువును గుర్తించినప్పుడు ప్రాడ్1 అని పేరు పెట్టారు. నా కణితిలో జరిగింది ఇదేనో కాదో పరీక్షించలేదు. ఆ ముక్క తిరగబడకుండానే ప్రోటీన్ పెరిగిన కణితులు కూడా ఉన్నాయి.

నా భయమంతా మా అమ్మాయి గురించే. ఇది తనకూ వస్తుందా అని డాక్టరుగారిని అడిగితే, "గ్రంథులన్నీ పెరిగే హైపర్‌ప్లేసియాలోనూ ఈ ప్రోటీన్ పెరగవచ్చమ్మా, కాబట్టి దీన్నిబట్టి మాత్రమే చెప్పలేం. మిగతా మూడు గ్రంథులూ మామూలుగా ఉండటం నేను చూశాను. మీది ఒక్క గ్రంథిలో పుట్టిన మార్పులాగే ఉంది" అన్నారు. ఒకటికి మించి గ్రంథులు పెరిగి ఉంటే, వంశపారంపర్యంగా వచ్చే మెన్1 జన్యులోపాన్ని వెతకాల్సి వచ్చేదట. అయినా అమ్మాయికి ఒకసారి కాల్షియం చూపించమన్నారు.

దానికి 9.4 వచ్చింది. ఆరు నెలల తర్వాత నాది 9.6. ఏడాది నిండాక ఎముకల సాంద్రత పరీక్షకు మళ్లీ విశాఖ వెళ్లాలి.