పన్నెండు పలకలు

నిన్న రాత్రి మోడల్ ఓడకి ఎడమ పక్క ఆఖరి పలక కూర్చుంది. పడుకోబోయే ముందు ఆ పక్కంతా చేత్తో నిమిరి చూశాను. వేలికి ఎక్కడా మెట్టు తగల్లేదు.

మొదటిసారి మూడు నెలల పని పాడైంది. అడుగుదూలం మీద అడ్డచట్రాలు నిలబెట్టి, కిట్‌లో వచ్చిన 5 మిల్లీమీటర్ల పలకల్ని వచ్చినవి వచ్చినట్టే అంటించుకుంటూ పోయాను. ఏడో పలకకి ముక్కు దగ్గర చోటు అయిపోయింది. బలవంతంగా వంచితే అంచు లేచి కింది పలక మీదికెక్కింది.

శ్రీకాకుళంలో మా వీధి చివర ఉండే వడ్రంగి తాత దగ్గరికి పట్టుకెళ్లాను. రెండు వైపులా తడిమి చూసి, "నడుం కాడ బొజ్జుంది, ముందర సన్నంగుంది. రెండింటికీ ఒకే వెడల్పు పలకంటే ఎలాగ సరిపోద్ది బాబూ?" అన్నాడు.

అందుకే ఈసారి జిగురు తెరవకముందే కాగితం పట్టీతో కొలిచాను. డెక్కు అంచు నుంచి అడుగుదూలం దాకా నడుము దగ్గర 60 మిల్లీమీటర్లు, ముక్కు దగ్గర 36. పలకలు 12. అంటే ప్రతి పలకా నడుము దగ్గర 5 ఉండి, ముక్కు చేరేసరికి 3కి తగ్గాలి. సగం కంటే సన్నం చేస్తే కొస నిలవదు. వెనక 64 వచ్చింది, ఆ మిగిలిన సందులో కోసుగా చెక్కిన చిన్న పలక దూర్చాను.

పలకని గోరువెచ్చని నీళ్లలో నానేసి, వేడి సాల్డరింగ్ ఐరన్ మీద మెల్లగా జరుపుతాను. చెమ్మ బుసబుసా ఆవిరవుతుంది, చెక్క చేతిలోనే వంపు తిరుగుతుంది. ఆరాకే ఫెవికాల్ రాసి, బట్టల క్లిప్పులు పెడతాను. కుడి ఒకటి, ఎడమ ఒకటి. ఒకే పక్క వరసగా వేస్తే అడుగుదూలం ఆ పక్కకి మెలితిరిగిపోతుంది.

కళింగపట్నం బీచ్‌కి వెళ్లినప్పుడు ఒడ్డున ఉన్న పడవల్లో ఇప్పుడు నాకు పలకల అంచులే కనిపిస్తాయి. ఒకప్పుడు మన కోస్తాలో పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి మసూలా పడవలు చేసేవారు. వాటికి లోపల చట్రం ఉండదు, అల కొడితే పలకలు విరక్కుండా కాస్త కదిలి ఊరుకుంటాయి. చట్రం ఉండి కూడా నేను పడ్డ తిప్పలు తలుచుకుంటే ఆ కుట్టినవాళ్ల చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కుడి పక్క ఇంకా ఒక్క పలక ఉంది. అది అయ్యాక రంగు వెయ్యకముందే తాతకి చూపించాలి.