రెండు అరచేతులు చూశాకే హోయిస్ట్: క్రేన్ క్యాబిన్ నుంచి క్లాసు గదికి నా ప్రయాణం

పద్నాలుగేళ్ళు ఈఓటీ క్రేన్ (షాపు కప్పు కింద పట్టాల మీద కరెంటుతో నడిచే క్రేన్) నడిపాను. గాజువాక దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షాపు, 15 టన్నుల క్రేన్, నేలకు పది మీటర్ల ఎత్తున క్యాబిన్. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేసి అప్రెంటిస్‌గా చేరినవాణ్ణి. ఓరోజు ఆపరేటర్ రాకపోతే నన్ను పైకి ఎక్కించారు. ఆ తర్వాత ఇక దిగలేదు. కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. పాత ఆపరేటర్ పక్కన నిలబెట్టి "చూస్తుండు" అన్నారు, అంతే. మా తరంవాళ్ళం చాలామందిమి అలా చూసి నేర్చుకున్నవాళ్ళమే.

2020 ఆగస్టు 1న మా విశాఖలో లోడు పరీక్ష చేస్తుండగా ఒక భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అది మేం నడిపే రకం కాదు. అయినా ఆ వారమంతా మా షాపులో హుక్కు కింద నుంచి వెళ్ళాల్సొస్తే ప్రతివాడూ ఆగి, తల పైకెత్తి చూసి మరీ వెళ్ళాడు. కొన్ని నెలలకి కంపెనీలో ఆపరేటర్లకీ, కింద ఉండి లోడు కట్టే ఖలాసీలకీ పద్ధతిగా శిక్షణ ఇవ్వాలన్న మాట వచ్చింది. బయటివాళ్ళు వచ్చి రెండు రోజులు బొమ్మలు చూపించి వెళ్ళిపోతే లాభం లేదు, లోపలి మనిషే ఉండాలన్నారు. నా పేరు రాశారు.

ముందు నేను ట్రైనర్‌గా పాసవ్వాలి కదా. ఐదు రోజుల కోర్సుకి పంపారు. మొదటి రెండు రోజులు హాయిగానే గడిచాయి. మూడో రోజు ప్రతి ఒక్కరూ తమ పనిలో ఒక మెలకువ తీసుకుని పది నిమిషాలు పాఠం చెప్పాలన్నారు. నేను లోడు ఊపు ఆపడం తీసుకున్నాను. కళ్ళు మూసుకుని చేసే పని, దీనికి తయారీ ఏమిటి అనుకున్నాను.

లేచి నిలబడి, "లోడు ఊగుతుంటే క్రేన్‌ని కొంచెం దాని వెనక పోనివ్వాలి, అది ఆగుతుంది" అన్నాను. ఎదురుగా కూర్చున్న బాయిలర్ ఆపరేటర్ "కొంచెం అంటే ఎంత మాస్టారూ? ఎప్పుడు పోనివ్వాలి?" అని అడిగాడు. నా కుడిచెయ్యి గాలిలో కంట్రోలర్ తిప్పుతోంది, నోట్లోంచి మాట రావడం లేదు. "అది అలవాటు మీద వస్తుంది" అని కూర్చున్నాను. మాకు పాఠం చెప్పే ఆయన నా కాగితం మీద ఒక్క ముక్క రాసి ఇచ్చారు: "అలవాటు మీద వచ్చేదైతే మీరెందుకు?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు సాయంత్రం ఇంటి దగ్గర ఖాళీ పెయింటు డబ్బాలో ఇసుక పోసి, తాడు కట్టి, వాకిట్లో శ్లాబు కొక్కేనికి వేలాడదీశాను. ఊపి వదిలి చూస్తూ కూర్చుంటే ఇంటర్ చదివే మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, ఇది మా ఫిజిక్స్ పుస్తకంలో ఉంది. బరువుతో పని లేదు, తాడు పొడుగే లెక్క" అంది. నేను నమ్మలేదు. ఇసుక సగం తీసి చూశాం, మొత్తం తీసి చూశాం. మీటరు తాడుకి డబ్బా పోయి రావడానికి రెండే రెండు సెకన్లు. మేడ మీద నుంచి నాలుగు మీటర్ల తాడు వదిలాం. మా ఆవిడ ఫోన్లో టైము చూసింది: 4 సెకన్లు. తొమ్మిది మీటర్లయితే 6 సెకన్లు అవుతుందని అమ్మాయి లెక్క వేసి చెప్పింది. ఊపు మరీ పెద్దది కానంతవరకు ఇంతేనట.

పద్నాలుగేళ్ళుగా నా చేతికి తెలిసింది ఇదే. హుక్కు కిందికి ఉన్నప్పుడు ఊపు నిదానంగా, పైకి ఉన్నప్పుడు చురుగ్గా ఉంటుందని తెలుసు. ఖాళీ హుక్కయినా పది టన్నుల ప్లేట్లయినా, తాడు పొడుగు ఒకటే అయితే తాళం ఒకటేనని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. బరువైంది మెల్లగా ఊగుతుందనే అనుకునేవాణ్ణి. ఇప్పటికీ మా తరం ఆపరేటర్లలో పదిమందిని అడిగితే ఎనిమిది మంది అలాగే అంటారు.

ఐదో రోజు డబ్బా పట్టుకునే వెళ్ళాను. తాడు నా చేత్తో పట్టుకుని, నా పిడికిలే ట్రాలీ (హుక్కుని మోస్తూ పైన దూలం మీద నడిచే బండి) అన్నాను. డబ్బా ముందుకు ఊగుతున్నప్పుడే పిడికిలి కూడా అటే కదలాలి. డబ్బా కొసకంటా వెళ్ళి, వెనక్కి మళ్ళబోయే ముందు ఒక్క క్షణం నిలబడుతుంది. సరిగ్గా ఆ క్షణానికి పిడికిలి దాని నెత్తి మీదకి చేరి ఆగాలి. తొందరపడితే ఊపు మిగిలిపోతుంది, ఆలస్యమైతే పెరుగుతుంది. నన్ను ప్రశ్న అడిగిన బాయిలర్ ఆయనే వచ్చి డబ్బా పట్టుకున్నాడు. మూడోసారికి ఆపాడు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు.

మొదటి బ్యాచిలో ఎనిమిది మంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు, ఇద్దరు ఒడిశావాళ్ళు. కళ్ళ పరీక్ష అయ్యాకే తీసుకున్నాం, దూరం అంచనా తప్పేవాడు క్యాబిన్‌లో కూర్చోకూడదు. నేర్పడానికి కోర్సులో చెప్పిన పద్ధతే పట్టుకున్నాను. ముందు నేను మామూలు వేగంతో నోరు మెదపకుండా చేస్తాను. తర్వాత మెల్లగా, ఒక్కో కదలికా చెబుతూ చేస్తాను. మూడోసారి కుర్రాడు చెబుతుంటే నేను చేస్తాను, వాడు తప్పు చెబితే తప్పే చేస్తాను (ఖాళీ హుక్కుతోనే లెండి). నాలుగోసారి వాడే చెబుతూ వాడే చేస్తాడు. అన్నిటికన్నా పనికొచ్చేది మూడోదే. వాడి బుర్రలో ఏం ఉందో అక్కడ బయటపడుతుంది.

రోజూ షిఫ్టు మొదట్లో ఖాళీ హుక్కుని మెల్లగా పైకి తీసుకెళ్ళి హుక్కు మరీ పైకి పోకుండా ఆపే లిమిట్ స్విచ్ పనిచేస్తుందో లేదో చూడటం, బరువైన లోడయితే జానెడు ఎత్తి ఆపి బ్రేకు నిలుస్తుందో లేదో చూడటం, హుక్కు పూర్తిగా దిగినా డ్రమ్ము మీద కనీసం రెండు చుట్లు రోపు మిగలడం... ఇవి త్వరగానే వంటబట్టాయి. స్లింగుల (లోడుని హుక్కుకి తగిలించే రోపుల) కోణం దగ్గరే అందరూ ఇరుక్కున్నారు. రెండు టన్నుల లోడుకి రెండు కాళ్ళ స్లింగు వేస్తే చెరో టన్ను కదా అంటారు. కాళ్ళు నిటారుగా ఉంటేనే ఆ లెక్క. నేలతో 60 డిగ్రీలకి వస్తే ఒక్కో కాలి మీద 1.15 టన్నులు, 45కి 1.41, 30కి వస్తే ఏకంగా 2 టన్నులు. అంకెలు బోర్డు మీద రాస్తే తలలూపారు గానీ ముఖాల్లో ఏమీ లేదు. నీళ్ళ బకెట్టుకి తాడు దూర్చి ఇద్దరు కుర్రాళ్ళకి చెరో కొసా ఇచ్చి, "ఇప్పుడు ఒకరికొకరు దూరం జరగండి" అన్నాను. నాలుగడుగులు జరిగేసరికి ఇద్దరి మెడనరాలూ పైకి తేలాయి. "బకెట్టు అదే కదరా, బరువు ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నాను. తర్వాత ఎవరూ అంకెలు మర్చిపోలేదు.

ఇక అరచేతుల సంగతి. నేను క్రేన్ ఎక్కిన నాలుగో ఏడు, నాతో పనిచేసే ఖలాసీ బాబాయ్ స్లింగు సర్దుతున్నాడు. కింద ఎవరో "హాబీస్" అని అరిచారు. మా దగ్గర హాబీస్ అంటే ఎత్తు, ఆరియా అంటే దించు, రేవుల్లో ఓడల దగ్గర పుట్టిన మాటలు. అరిచింది బాబాయ్ కాదు. నేను చూసుకోకుండా ఎత్తాను. స్లింగు బిగిసింది. ప్లేటు అంచుకీ రోపుకీ మధ్య ఆయన ఎడమ చేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. ఆసుపత్రిలో ఆయన "నీ తప్పేం లేదురా" అన్నాడు. తప్పు నాదే. సైగ ఎవరిచ్చారో చూడలేదు, చేతులు ఎక్కడున్నాయో చూడలేదు.

అందుకని నా బ్యాచిలో మొదటి రోజు నుంచీ ఒక నియమం పెట్టాను. సైగలిచ్చేవాడు ఒక్కడే ఉండాలి. ఆపమన్న సైగ మాత్రం దారినపోయేవాడు ఇచ్చినా ఆపాలి. ఖలాసీ లోడుకి దూరం జరిగి, రెండు అరచేతులూ ఆపరేటర్‌కి కనిపించేలా ఎత్తి చూపించేదాకా హోయిస్ట్, అంటే లోడు ఎత్తే కంట్రోలు, ముట్టుకోకూడదు.

చివరి పరీక్ష రోజున మా బ్యాచిలో అందరికన్నా చెయ్యి తిరిగిన కుర్రాడు, పలాస వైపు వాడు, పది మీటర్ల దూరం లోడు తీసుకెళ్ళి, గీసిన గడిలో చుక్క తప్పకుండా దించాడు. ఊపన్నది లేదు. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కానీ ఎత్తేటప్పుడు ఖలాసీ ఒక్క చెయ్యే చూపించాడు, రెండో చెయ్యి ఇంకా స్లింగు మీదే ఉంది. నేనే ఖలాసీకి ముందుగా చెప్పి అలా చేయించాను. రోపు వదులుగానే ఉంది, కుర్రాడు ఎత్తడం మొదలుపెట్టగానే నేను ఆపమని సైగ చేశాను. వాడు ఆపాడు. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టించి మిగతా పరీక్ష పూర్తిగా చూశాను.

ఫెయిల్ అని రాశాను. సూపర్‌వైజర్ పక్కకి పిలిచి, "అంత బాగా నడిపినవాణ్ణి ఆపేస్తే రాత్రి షిఫ్టుకి మనిషేడి? మార్కులు కాస్త చూడండి మాస్టారూ" అన్నాడు. ఆయన కష్టం ఆయనది, నాకు తెలుసు. కాగితం మార్చలేదు. కుర్రాడు నా దగ్గరకొచ్చి, "ఒక్క తప్పుకేనా మాస్టారూ? ఇంటికి ఏం చెప్పను?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి బాబాయ్‌కి ఫోన్ చేశాను. రిటైరయ్యి సబ్బవరం దగ్గర సొంతూళ్ళో ఉంటున్నాడు. వీడియో కాల్లో ఆయన ఏమీ మాట్లాడలేదు, ఎడమ చెయ్యి చూపించి, "టీ తాగారా?" అని అడిగాడు.

మూడు వారాలు ఆ కుర్రాణ్ణి పైకి ఎక్కనివ్వకుండా కిందే ఖలాసీ పనిలో పెట్టాను. స్లింగులు వెయ్యడం, చేతులు తియ్యడం, అరచేతులు చూపించడం. మళ్ళీ పరీక్ష పెట్టిన రోజున ఈసారీ ఖలాసీకి ఒక చెయ్యి దాచమనే చెప్పాను. వాడు గంట కొట్టి, కంట్రోలర్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పావు నిమిషం గడిచింది, అర నిమిషం గడిచింది. కిందనుంచి ఎవరో "హాబీస్, హాబీస్" అని అరిచారు, అది నేను చెప్పించింది కాదు. వాడు కదల్లేదు. క్యాబిన్ కిటికీలోంచి వంగి, ఖలాసీ వైపు చూసి, తన రెండు అరచేతులూ ఎత్తి చూపించాడు, నీవి కూడా చూపించు అన్నట్టుగా.

పాస్ అని రాసి, వచ్చే బ్యాచికి నా పక్కన నిలబడి సైగలు నేర్పే పని వాడికే అప్పగించాను. వచ్చేవాళ్ళలో నలుగురు ఒడియా మాట్లాడేవాళ్ళు. ఒడిశా సరిహద్దు దగ్గరి పలాస కుర్రాడు కదా, వాడికి ఒడియా వచ్చు.