ప్లగ్గు పీకిన మాస్టారు

మా బ్యాచ్‌లో ఎవరిని కదిపినా మెషిన్ డిజైన్ మాస్టారి గురించి ఒక కథ బయటికొస్తుంది. ఆయన కోపం గురించీ, సుద్దముక్క విసరడంలో ఆయన గురి గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కాబట్టి, నేను బెల్టు లిఫ్టు సంగతి రాస్తాను. బరువును నిలువుగా ఎత్తే యంత్రాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. దానికి పునాది ఆ వర్క్‌షాపులోనే పడింది.

పాత బ్యాచ్ వాళ్లు వదిలివెళ్లిన నమూనా ఒకటి మూలన ఉండేది. నిలువు పట్టాల మీద 10 కిలోల క్యారేజీ, దాన్ని లాగడానికి పళ్ల బెల్టు, కింద స్టెప్పర్ మోటారు, అంటే చిన్న చిన్న అడుగులుగా తిరిగేది. మాస్టారు ముందు బోర్డు మీద లెక్క వేశారు. 10 కిలోలంటే సుమారు 98 న్యూటన్లు. సెకను వర్గానికి 2 మీటర్ల త్వరణంతో పైకి లేపాలంటే బెల్టు లాగాల్సింది 118. పుల్లీకి 20 పళ్లు, పంటికీ పంటికీ మధ్య 5 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక చుట్టుకు క్యారేజీ 100 మిల్లీమీటర్లు కదులుతుంది, వ్యాసార్ధం దాదాపు 16 మిల్లీమీటర్లు. టార్క్, అంటే తిప్పే బలం, 1.9 న్యూటన్ మీటర్లు. మోటారు మీద 2 అని రాసి ఉంది.

"సరిపోతుందంటారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా క్యారేజీని సగం ఎత్తుకు లేపారు. కింద ఒక చెక్క దిమ్మ పెట్టి, దాని మీద గోనెసంచి మడతపెట్టారు. మమ్మల్ని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమన్నారు. ప్లగ్గు పీకేశారు.

మోటారు సన్నటి రొద ఆగిన మరుక్షణం పుల్లీ రివ్వున వెనక్కి తిరిగింది, క్యారేజీ ధడేలున దిమ్మ మీద పడింది. అందరం అటే చూస్తుంటే, మాలో ఒకడు మాత్రం మోటారును నడిపే డ్రైవర్ బోర్డు మీద ఆరిపోయిన చిన్న దీపం మళ్లీ ఒకసారి మెరవడం గమనించాడు. ఆ మాట పైకి అన్నాడు కూడా. మాస్టారు ముఖం వెలిగిపోయింది. "ప్లగ్గు నా చేతిలో ఉంది కదయ్యా, ఆ కరెంటు ఎక్కడిది?" అన్నారు.

ఆ రోజు క్లాసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. పడుతున్న బరువు మోటారును తిప్పితే మోటారే జనరేటరు అవుతుంది. పెద్ద యంత్రాల్లో బరువును వేగంగా దింపినప్పుడు ఆ విద్యుత్తు మోటారును నడిపే డ్రైవ్‌లోకి వచ్చిపడి, లోపలి వోల్టేజీ పెరుగుతుంది. దాన్ని వేడిగా ఖర్చుచేయడానికి ఒక రెసిస్టర్ పెట్టకపోతే, డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఎత్తడం మాటెలా ఉన్నా, దింపడానికీ లెక్క ఉంటుందని అప్పటిదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

అడ్డంగా నడిచే బండికి వేగం అందుకున్నాక రాపిడి తప్ప మోయాల్సిందేమీ ఉండదు. నిలువు బరువు వడ్డీ లాంటిది, మనం నిద్రపోయినా అది నిద్రపోదు. అందుకే ముందు చూడాల్సింది నిలబెట్టడం, ఆ తర్వాతే కదపడం. సన్నమరల స్క్రూ అయితే రాపిడితో తనంతట తానే నిలబడుతుంది. బెల్టుకు ఆ గుణం లేదు. కరెంటు ఉన్నప్పుడు విడిచి, పోగానే స్ప్రింగుతో పట్టుకునే బ్రేక్ కావాలి. ఆ బ్రేక్ మోటారు షాఫ్టు మీదే ఉండి బెల్టు తెగితే, మోటారు మాత్రం భద్రంగా ఆగి ఉంటుంది, బరువు కిందికొస్తుంది. మనుషులు కింద చెయ్యి పెట్టే చోట క్యారేజీనే పట్టుకునే ఏర్పాటు ఉండాలని నేను ఇప్పటికీ పట్టుబడతాను.

ఇక ఆ 2 సంగతి. అది మోటారు కదలకుండా నిలబడినప్పటి టార్క్. స్టెప్పర్ వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోతుంది. సెకనుకు అర మీటరు వేగం కావాలంటే ఈ పుల్లీ నిమిషానికి 300 చుట్లు తిరగాలి. ఆ వేగం దగ్గర మోటారు గ్రాఫు ఏం చెబుతుందో చూడాలి, మీద అంటించిన అంకెను కాదు. పైగా రాపిడిని ఇంకా కలపనే లేదు.

చిన్న పుల్లీ వేస్తే టార్క్ తగ్గుతుంది, నిజమే. 14 పళ్లదైతే పది పాళ్లలో ఏడు పాళ్లే చాలు. కానీ బెల్టు లోపలి తీగలు బిగువుగా వంగి త్వరగా అలిసిపోతాయి, పట్టులో ఉండే పళ్లూ తగ్గుతాయి. మాస్టారికి 1:3 తగ్గింపు ఇష్టం, అంటే మోటారు మూడు చుట్లు తిరిగితే పుల్లీ ఒక చుట్టు తిరగడం. టార్క్ మూడో వంతవుతుంది, మోటారుకు తగిలే బరువు జడత్వం తొమ్మిదో వంతుకు దిగుతుంది. మోటారు మాత్రం 900 చుట్లు తిరగాలి కాబట్టి స్టెప్పర్‌ను వదిలి సర్వో వైపు, అంటే తన స్థానాన్ని కొలుచుకుంటూ తిరిగే మోటారు వైపు, చూడాల్సిరావచ్చు.

ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ ఉంది. ప్రతిభారం, అంటే క్యారేజీకి సమతూకంగా రెండో పక్క వేలాడదీసే బరువు, ఆయనకు అస్సలు గిట్టదు. "బరువును మోయడానికి ఇంకో బరువా!" అనేవారు. అటు పక్క కూడా 10 కిలోలు వేలాడదీస్తే, అదే త్వరణానికి మోటారు పెట్టాల్సిన బలం 118 నుంచి 40 న్యూటన్లకు దిగుతుంది. త్వరణం గురుత్వాన్ని దాటితేనే ప్రతిభారం మనకు నష్టం. మామూలు లిఫ్టులు అంత దూకుడుగా ఎక్కడ నడుస్తాయి? ఈసారి మా పాత విద్యార్థుల సమావేశానికి మాస్టారు వస్తే ఈ లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెడతాను. పాత స్నేహితులు నా పక్కన కూర్చోవాలని మనవి.