వేలి మీది పగడానికి వయసెంత?

6 క్యారెట్ల పగడం అంటే 1.2 గ్రాములు. నిలువు 13, అడ్డం 10 మిల్లీమీటర్ల కోలరాయి. కుజుడికని ఉంగరం చేయించుకోవడానికి విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లినా, గుంటూరు పట్నంబజారుకు వెళ్లినా దాదాపు ఈ సైజే ముందు పెడతారు. అంత రాయి రావాలంటే కొమ్మ కనీసం 10 మిల్లీమీటర్ల లావుండాలి. మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం ఏడాదికి లావెక్కేది సుమారు 0.2 నుంచి 0.35 మిల్లీమీటర్లు. అంటే 30 నుంచి 50 ఏళ్లు. సానబెట్టేటప్పుడు పోయే పొడి ఈ లెక్కలో లేదు. కుజ మహాదశ మాత్రం 7 ఏళ్లే!

రాయి అనేది అలవాటు మాట. అది ఒక జంతువుల గుంపు కట్టుకున్న ఎముక. నీళ్లలో ఉన్నప్పుడు ఎర్రటి కొమ్మ మీద పలచటి ఎర్ర తోలు, ఆ తోలులోంచి 8 రేకుల తెల్లపువ్వుల్లా బయటికొచ్చే జీవులు. నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని ఆ రేకులతోనే పట్టి తింటాయి. ఎండ తగిలే దిబ్బల్లోని పగడాలకు ఒంట్లో ఉండే నాచు వండి పెడుతుంది. వీటికి ఆ వసతి లేదు. చీకటి గుహల్లో, లోతుల్లో దొరికిందే తిండి కాబట్టి పెరుగుదల అంత నిదానం.

వీటిని తీసే పాత పద్ధతి మన పాతాళగరిగె లాంటిదే. బరువు కట్టిన చెక్క సిలువకు వల ముక్కలు వేలాడదీసి అడుగున ఈడ్చేవాళ్లు. చిక్కింది కొంత, విరిగి అక్కడే పోయింది ఇంకెంతో. యూరప్‌లో 1994లో దాన్ని నిషేధించారు. ఇప్పుడు మధ్యధరాలో డైవరు దిగి సుత్తితో కొట్టాలి, 50 మీటర్ల కంటే తక్కువ లోతులో ముట్టకూడదు, కొమ్మ మొదలు దగ్గర లావు 7 మిల్లీమీటర్లకు తగ్గితే వదిలెయ్యాలి. ఆ 7 మిల్లీమీటర్లకే 20 ఏళ్ల పైన పడుతుంది.

ఇంకా లోతుకు వెళ్తే సిలువ పని ట్రాల్ వల, అంటే పడవ వెనక కట్టి సముద్రపు అడుగున ఈడ్చే పెద్ద వల, చేస్తుంది. స్కాట్లాండ్‌కు వాయవ్యంగా, 1000 మీటర్ల లోతున డార్విన్ మౌండ్స్ అనే ఇసుక దిబ్బలున్నాయి. 1998లో బయటపడ్డాయి. వాటి మీద లోఫీలియా అనే చల్లనీటి పగడం పొదల్లా ఉంటుంది. పైన బతికున్నది కాస్తే, కిందంతా పాత అస్థిపంజరం. చేపలు, పీతలు, పురుగులు దూరేది ఆ సందుల్లోకే. 2003లో అక్కడ అడుగు ట్రాలింగ్ ఆపేశారు. 2011లో కెమెరాలు దించి చూస్తే వల అంతగా తగలని పడమటి వైపు బాగానే ఉంది. వల బాగా తిరిగిన తూర్పు వైపు కొత్త పగడం మొలిచిన జాడే లేదు. పగడం పిల్లకు అంటుకోవడానికి గట్టి చోటు కావాలి. వల ఆ పంజరాన్ని పొడి చేసి పోతే మిగిలేది ఇసుకే. వేట ఆపడంతో అయిపోయే పని కాదది.

దుకాణం సంగతికొద్దాం. ఎర్ర పగడమని అమ్మేవాటిలో రంగు వేసిన వెదురు పగడం చాలా ఉంటుంది. అదీ లోతు సముద్రపు జీవే. కణుపు కణుపుగా ఉండి, సహజంగా తెల్లగా ఉంటుంది. రాయి వెనక వైపు చూడండి. 10 రెట్ల భూతద్దంలో అసలు దానికి దువ్వెనతో గీసినట్టు సన్నటి, దగ్గర దగ్గర గీతలు. వెదురు పగడంలో గీతలు ముతక, ఎడం ఎక్కువ, ఆ గీతల్లో రంగు పేరుకుని ఉంటుంది. దూదికి అసిటోన్ (గోళ్లరంగు తుడిచే ద్రవం) అద్ది వెనకే రుద్దితే ఎరుపు దిగొచ్చు. దిగకపోతే అసలుదని కాదు, పైన రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) పూత ఉంటే దిగదు. గాజైతే లోపల బుడగలు కనిపిస్తాయి, గీతలుండవు. నిమ్మరసం చుక్క పరీక్ష మాత్రం వద్దు. అసలు పగడమూ వెదురు పగడమూ రెండూ సున్నపు పదార్థమే కాబట్టి తేడా తేలదు, మెరుపు పోతుంది. నల్లపూసల గొలుసును చింతపండుతో తోమితే అందులో పగడాలు పాలిపోయేదీ ఇందుకే. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఉంగరానికి అతుకు పెట్టించేటప్పుడు ముందు రాయి ఊడదీయించండి.

నరదిష్టికని పూజాసామాను కొట్లలో, ఆన్‌లైన్‌లో ఫ్రేము కట్టి అమ్మే ‘ఇంద్రజాలం’ సంగతి ఇంకొకటి. చెట్టు వేరు అంటారు, అడవి మొక్క అంటారు. అది ఎండిన సముద్రపు విసనకర్ర (సీ ఫ్యాన్ అనే, విసనకర్రలా పరుచుకునే పగడం), లేదా నల్ల పగడం. హవాయి దగ్గర లోతుల్లో ఒక నల్ల పగడానికి కార్బన్ పరీక్షలో 4,265 ఏళ్లు తేలాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఈ రెండూ ఉన్నాయి, అమ్మినా కొన్నా నేరమే. గుర్తుపట్టడం తేలిక. ఆకైతే మధ్య ఈనె ఉంటుంది, ఎండితే నలిగి పొడవుతుంది. దీనికి ఈనె ఉండదు, వల అల్లినట్టు ఉంటుంది. చిన్న పుల్ల కాలిస్తే ఆకు వాసన రాదు. వెంట్రుక కాలిన కంపు వస్తుంది.