బకెట్‌లోకి చేరిన లంగరు తాడు

మిరుగం (మృగశిర కార్తె) ముందు రోజు మామతో పాకాల చెరువులో చేపలకు పోయాను. తెల్లారితే ఇంటింటికీ చేపలు కావాలి, మామకు ఒకటే తొందర. మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. లంగరు వేస్తే పడవ ఆగదే! మెల్లగా జారుతూ మొద్దుల వైపు పోతోంది. నాకు టెన్షన్.

తప్పు నాదే. చవగ్గా దొరికిందని నర్సంపేటలో ప్లాస్టిక్ తాడు కొన్నది నేనే. అది నీళ్లపై తేలుతుంది, పెద్దగా సాగదు. పైగా 10 అడుగుల లోతుకు 15 అడుగులే వదిలాను. తాడు పైకి లాగిందంటే లంగరు బురదలోంచి ఊడొచ్చేస్తుంది. "ఇంకా వదులు అల్లుడా!" అని మామ అరిచాకే తెలివొచ్చింది. తాడంతా వదిలితే అప్పుడు పట్టుకుంది.

ఇప్పుడు 10 మిల్లీమీటర్ల నైలాన్ తాడు తెచ్చాం. సాగుతుంది కాబట్టి గాలి కుదుపును మింగేస్తుంది. లంగరుకూ తాడుకూ మధ్య 6 అడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొలుసు. దాని బరువుకు లంగరు మీద లాగుడు నేలబారుగా ఉంటుంది. లోతుకు 5 రెట్లు, గాలి ఉంటే 7 రెట్లు వదలడం.

మామ తాడును మోచేతికి చుట్టేవాడు, పలుపులాగా. వేసేటప్పుడు అన్నీ చిక్కులే. ఇప్పుడు అడుగున చిల్లులు పెట్టిన బకెట్. ముందు తాడు కొసను పడవ కడియానికి కట్టాలి (ఇది మర్చిపోతే లంగరు చెరువుపాలే). తర్వాత తాడు ఎలా పడితే అలా బకెట్‌లోకి జారనివ్వడమే, పైన గొలుసు. ఇంటికొచ్చాక బురద కడిగి నీడలో ఆరబెడతాను, ఎండకు నైలాన్ బలం పోతుంది.

పాత ప్లాస్టిక్ తాడు మీద అత్తమ్మ బట్టలు ఆరేస్తోంది.