తుపాకీ లేకుండా వచ్చిన వ్యాన్

మొన్న సాయంత్రం డెన్వర్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మన తెలుగబ్బాయి ఒకరు చెప్పుల్లేకుండా తిరుగుతూ, ఎవరో వెంటాడుతున్నారని అరుస్తున్నాడు. చుట్టూ జనం ఫోన్లు తీశారు. పోలీసులొస్తే ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. 911కి ఫోన్ చేసి, అతని చేతిలో ఏమీ లేదని, ఎవరినీ కొట్టడం లేదని చెప్పి, ఇలాంటప్పుడు పోలీసులకు బదులుగా వచ్చే స్టార్ టీమ్‌ని పంపమని అడిగాను.

వ్యాన్ సైరన్ లేకుండా వచ్చింది. అందులో మానసిక ఆరోగ్య నిపుణురాలు ఒకరు, పారామెడిక్ ఒకరు. ఆవిడ అతనికి కాస్త దూరంగా నేల మీదే కూర్చుంది. కాళ్లు చల్లబడుతున్నాయేమో, సాక్స్ ఇవ్వనా అని అడిగింది. జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగింది. సాక్స్ తొడుక్కున్నాక, సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైందని అతనే చెప్పాడు. "బాబూ, అమ్మకి ఫోన్ చేయనా?" అని నేనడిగితే తలూపాడు. చివరికి తనంతట తనే వ్యాన్ ఎక్కాడు.

2020 జూన్‌లో మొదలైన ఈ సర్వీసు తొలి ఆరు నెలల్లో 748 కాల్స్‌కి వెళ్లింది, ఒక్క అరెస్టూ లేదు. ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో 1989లోనే మొదలైన ఇలాంటి సర్వీసు కాహూట్స్ మాత్రం నిధుల ఇబ్బందులతో 2025లో అక్కడ ఆగిపోయింది. తలుచుకుంటే కడుపు మండిపోతోంది.

ఇండియాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితంగా. చాలా మంచి పని. కానీ ఇలా వచ్చి పక్కన కూర్చునే మనిషి విజయవాడలోనూ, వరంగల్‌లోనూ కావాలి.

డెన్వర్‌లో ఉన్న మనవాళ్లు 911కి చేసినప్పుడు స్టార్ అని పేరు పెట్టి అడగండి. ఆయుధం లేకపోతే ఆ మాట ముందే చెప్పండి.