గండికోట కింద, పెన్నలో

"అమ్మా, పైకి చూడు, అదే కోట గోడ" అన్నాను. అమ్మ మాత్రం బోటులోంచి నీళ్లలో చెయ్యి ముంచి, "ఇంత పెన్నను నేనెప్పుడు చూశాన్రా" అంటోంది.

కడప దగ్గర పెన్నంటే మాకు ఇసుకే గుర్తు. ఇక్కడేమో ఎర్రమల కొండల్ని నిలువునా కోసేసింది. రాళ్లు పలకలు పేర్చినట్టున్నాయి. ఎండ పై వరసల మీదే ఉంది, బోటు మీద అప్పటికే నీడ.

పెమ్మసాని వాళ్లు ఏలిన కోట. 1652లో వజ్రాల వ్యాపారి టావెర్నియే వచ్చిందీ ఇక్కడికే. పైన మాధవరాయ గుడి, జామా మసీదు ఎన్నిసార్లు తిరిగానో! కానీ ఇటువైపు నుంచి శత్రువు ఎక్కడం కల్ల అని కింద నుంచి చూస్తేనే అర్థమైంది.

మోకాళ్ల నొప్పులతో అమ్మ ఇన్నేళ్లూ రాలేదు. లైఫ్ జాకెట్ విప్పుతూ "పెద్దమ్మను కూడా తీసుకురారా" అంది. వచ్చే ఆదివారమే తీసుకెళ్తున్నా.